మెట్ల కింది కంప్యూటర్

రిటైరైన మొగుడు పొద్దస్తమానం ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే టైలరమ్మను అడగాలి. అడగ్గానే చెప్పదు. నోట్లో పెట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటీ తీసి దిండుకు గుచ్చి, వీధి తలుపు వైపు ఓసారి చూసి, ఎవరూ రావడం లేదని రూఢి చేసుకుని, అప్పుడు మొదలుపెడుతుంది. మొదలుపెట్టాక ఆపడం మాత్రం మీ తరం కాదు.

ఆమె భర్త ఒక పెద్ద ఆఫీసులో సూపరింటెండెంటుగా పనిచేసి దిగాడు. కుర్చీ పోయింది కానీ పేరు పోలేదు. ఆ నాలుగంతస్తుల భవనంలో పిల్లా పెద్దా అందరికీ ఆయన సూపరింటెండెంటుగారే. కోపం వచ్చినప్పుడు భార్యకు కూడా. దిగిన మర్నాడే ఆయన ఇంటి పరిపాలన చేతిలోకి తీసుకున్నాడు. చెడ్డవాడని కాదు, చేతులు ఖాళీగా ఉన్నాయంతే. ఖాళీ చేతులంత ప్రమాదం ఇంకోటి లేదని ఆ తర్వాత వారంలోనే తేలిపోయింది.

వాళ్ళ ముందుగదే టైలరమ్మ కుట్టుగది. కిటికీ పక్కన మిషను, గోడవారగా పొడుగు బల్ల, బల్ల మీద కత్తెరలు, చాక్‌పీసులు, మెడలో టేపు. దారపు రీళ్ళు ఆమె రంగు పక్కన రంగుగా పెట్టుకునేది. లేత నీలం దగ్గర మొదలైతే ముదురు నీలం మీదుగా ఊదాలోకి వెళ్ళేది వరస. ఆయన వాటిని కంపెనీల వారీగా సర్దాడు. కత్తెరలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, "కావాల్సినప్పుడు అడుగు, ఇస్తాను" అన్నాడు. అది చాలదన్నట్టు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకు కూర్చుని, వచ్చిన ఆడవాళ్ళకు అట్టముక్కల మీద అంకెలు వేసి టోకెన్లు ఇవ్వడం మొదలుపెట్టాడు.

పక్కింటి నర్సు స్కర్టు పట్టుకుని వచ్చింది.

"ఏ పని మీద వచ్చారు?" అన్నాడు ఆయన.

"నడుము దగ్గర కాస్త వదులు చేయించుకుందామని అండీ."

"ఎంత వదులు?"

"ఓ రెండు వేళ్ళు."

"కారణం?"

నర్సు ఆయన వైపు చూసింది, తన నడుము వైపు చూసుకుంది, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. మూడో అంతస్తు ఆవిడ రోజూ ఏదో ఒక బట్ట వంకతో వచ్చి కూర్చునేది, ఆమె కూడా మానేసింది. టైలరమ్మ గుండెల్లో రాయి పడింది. చుట్టాలూ పక్కాలూ అనుకున్నట్టు అది ఉత్త కుట్టుగది కాదు. ఆడవాళ్ళు అక్కడికి గుడ్డ పట్టుకుని వచ్చి, గుడ్డతోపాటు మనసు కూడా విప్పుకునేవాళ్ళు. అత్తగారి వేళాకోళాలు, ఆఫీసులో మేనేజరు వెధవ్వేషాలు, మొగుళ్ళ గురకలు అన్నీ ఆ బల్ల మీదే కత్తిరించుకునేవాళ్ళు. పెళ్ళయిన నాటినుంచీ ఆ పగటి పూటలు ఆమెవి. మొగుడు పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాడు కాబట్టి, అవి తనకు ఎవరో ఇచ్చినవి అని ఆమెకు ఎన్నడూ తోచలేదు. ఇప్పుడు పోయాక తెలిసింది.

ఏడుస్తూ కూర్చునే రకం కాదు టైలరమ్మ. భవనం సంఘానికి సెక్రటరీగా ఉన్నాయన ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడని తెలియగానే, కొంగులో పండు పడ్డట్టయింది ఆమెకు. ఆ పదవి ఎవరికీ అక్కర్లేదు. మెట్ల కింద ఇరుకు గది, అందులో ఒక చిన్న నల్లడబ్బా కంప్యూటరు, అక్షరాలు సగం చెరిగిపోయిన కీబోర్డు, పాత తెర, మూలుగుతూ పనిచేసే ప్రింటరు. ఎవరో అన్నిట్లోకెల్లా చవకదని కొనుక్కుని, విసిగి సంఘానికి వదిలేసింది. దాని మీద మోటారు ఆపే వేళల నోటీసులు, లిఫ్టు కంపెనీకి ఉత్తరాలు, బండ్లు అడ్డంగా పెట్టేవాళ్ళకు హెచ్చరికలు కొట్టాలి. అంతే పని. టైలరమ్మ అంతస్తు అంతస్తుకీ తిరిగి ఆడవాళ్ళందరి చెవిలో ఒకే మాట వేసింది. ఆదివారం మీటింగులో సూపరింటెండెంటుగారిని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. తన పాలనాదక్షతను ఇన్నాళ్ళకు జనం గుర్తించారని భార్యతో అన్నాడు. "మరే" అంది ఆమె.

మొదటి నాలుగు రోజులూ పప్పులుడకలేదు. పదింటికి వెళ్ళి పదకొండున్నరకల్లా వచ్చేసేవాడు. కానీ ఆ తర్వాత ఏమైందో ఏమో, వచ్చే వేళ సాయంత్రానికి జరిగింది.

"అది తెరుచుకోవడానికే ఒక పూట పడుతోందే" అన్నాడు ఆయన, చెప్పులు విప్పుకుంటూ. "తెరుచుకున్నాక అక్షరం కొడితే, అది తెర మీదికి వచ్చేలోపు ఇంకో అక్షరం మర్చిపోతున్నాను. అన్నం కారియర్‌లో పెట్టివ్వు, అక్కడే తింటాను."

టైలరమ్మ మొహం వీలైనంత దిగాలుగా పెట్టి, "అయ్యో, అంత నెమ్మదా?" అంది. లోపల మాత్రం ఎగిరి గంతేసింది. ఆ డబ్బా మీద ఆమెకు అంతులేని గౌరవం పుట్టింది. మిగిలిన ముఖమల్ గుడ్డతో, అంచుకు కుచ్చులు పెట్టి దానికో ముసుగు కుట్టింది. వారానికోసారి మెట్ల కింద గదికి వెళ్ళి స్వయంగా దుమ్ము తుడిచేది. నర్సు తిరిగి వచ్చింది, మూడో అంతస్తు ఆవిడ తిరిగి వచ్చింది, దారాలు మళ్ళీ నీలంలోంచి ఊదాలోకి నడిచాయి. చవక కంప్యూటరు ఇంటికి సరిపోతుందా అని లోకమంతా కొట్టుకుంటుంది కానీ, సరిపోవడం అంటే ఏమిటో టైలరమ్మను అడగాలి. పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా ఒక నిండు సూపరింటెండెంటును ఇంట్లోకి రాకుండా పట్టుకోగలిగిన యంత్రం అంతకంటే ఇంకేం చెయ్యాలి?

అన్నీ కుదిరిన ఇంటికి తమ్ముడు వస్తాడు. టైలరమ్మ తమ్ముడిది పెళ్ళి వీడియోలు కత్తిరించి, అతికించి, పాటలు కలిపే పని. మంచివాడే, చేయి పెద్దది, నోరు ఇంకా పెద్దది. ఏటా ఒక కొత్త కంప్యూటరు కొంటాడు, ఏటా అది చాలడం లేదంటాడు. ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చి, భోజనానికి ఆగాడు.

బావమరిది ఎదురుగా ఉంటే సూపరింటెండెంటుగారికి మాటలు వాటంతటవే వస్తాయి. "మొన్న ఏమైందో తెలుసా? రేపు పొద్దున నీళ్ళు రావు అని నోటీసు కొట్టాను. అది ప్రింటయ్యేలోపు నీళ్ళు ఆగిపోయి, మళ్ళీ వచ్చేశాయి."

తమ్ముడు నవ్వలేదు. చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఏంటి బావా, ఈ రోజుల్లో కూడా అలాంటిదాని మీద పనిచేస్తున్నావా? నాకు చెప్పొద్దూ? పోయినేడాది కొన్నది నా దగ్గర ఊరికే పడుంది. రేపే తెచ్చి పెడతాను."

సూపరింటెండెంటుగారి గొంతులో ముద్ద అడ్డం పడింది. టైలరమ్మ మంచినీళ్ళు అందించింది.

"మనకెందుకురా అంత పెద్దది?" అన్నాడు ఆయన నీళ్ళు తాగి. "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. నోటీసు ముక్కలు కొట్టుకోవడానికి ఇది చాలు."

"ఇప్పుడేగా చాలడం లేదన్నావు!"

"చాలడం లేదంటే... చాలదని కాదు. చాలుతుంది. నెమ్మదిగా చాలుతుంది."

"తమ్ముడూ, దానికి కరెంటు ఎక్కువ కాలుతుందేమోరా" అంది టైలరమ్మ. "పైగా ఆ గది ఇరుకు. పైగా మీ బావకి పాతదే అలవాటు."

ఆయన భార్య వైపు కృతజ్ఞతగా చూశాడు. పొదుపు తెలిసిన ఇల్లాలు అనుకున్నాడు కాబోలు. ఆమె కూడా ఆయన వైపు మెచ్చుకోలుగా చూసింది. ఆశ లేని మనిషి అనుకుంది. ఇద్దరూ కలిసి పాత డబ్బాను వెనకేసుకొచ్చిన తీరు చూస్తే ఎవరైనా అది వాళ్ళ కడుపున పుట్టిందనుకుంటారు. కానీ తమ్ముడి దానగుణం ఒకసారి కదిలిందంటే దాన్ని ఆపడం బ్రహ్మతరం కాదు. "మొహమాటాలు నా దగ్గరా బావా?" అన్నాడు.

మర్నాడు అది దిగింది. చిన్నసైజు ఫ్రిజ్జంత ఉంది. పక్కన గాజు పలక, లోపల ఎర్ర, నీలి, పచ్చ దీపాలు ఒకదాని వెంట ఒకటి తిరుగుతున్నాయి. మెట్ల కింద గదిలో పెళ్ళిపందిరి వేసినట్టయింది. భవనంలో వాళ్ళంతా చూడ్డానికి దిగారు. తమ్ముడు మీట నొక్కి, "ఒకటి, రెండు..." అన్నాడు. మూడు అనేలోపు తెరుచుకుంది. జనం చప్పట్లు కొట్టారు. సూపరింటెండెంటుగారు తేలు కుట్టిన దొంగలా నవ్వాడు. పాతదాన్ని తమ్ముడే చంకలో పెట్టుకుపోయి, ఎదురుగా ఉన్న రిపేరు కొట్టు మెకానిక్‌కు ఇచ్చేశాడు. ముఖమల్ ముసుగు మాత్రం అక్కకు తెచ్చి, "దీన్ని దేనికైనా వాడుకో" అన్నాడు.

ఆ మర్నాడు పదిన్నరకల్లా వీధి తలుపు తెరుచుకుంది. లోపల నర్సు చేతులు చాపి నిలబడి ఉంది, టైలరమ్మ ఆమె భుజాల కొలత తీస్తోంది, మూడో అంతస్తు ఆవిడ ఏదో చెబుతోంది. మాట అక్కడే తెగింది.

"ఏం, కరెంటు పోయిందా?" అంది టైలరమ్మ ఆశగా.

"లేదు" అన్నాడు ఆయన నీరసంగా. "పని అయిపోయింది."

కూర్చున్నాడు. కాసేపు ఊరికే ఉన్నాడు. తర్వాత దారపు రీళ్ళ వైపు చూశాడు. వారం తిరిగేసరికి అవి కంపెనీల వారీగా నిలబడ్డాయి, ఆడవాళ్ళు "తర్వాత వస్తాంలే" అని మెట్ల మీదే చెప్పి వెళ్ళిపోతున్నారు, టైలరమ్మ ఒక్కతే కూర్చుని కర్టెన్లు కుడుతోంది.

మొదట ఆమె చిన్న ఉపాయం వేసింది. ఆడవాళ్ళందరికీ కబురు పెట్టి, ఎవరికి తోచిన ఫిర్యాదు వాళ్ళు రాసివ్వమంది. పని పెరిగితే ఆయన అక్కడే ఉంటాడు కదా. నర్సు పై ఇంట్లో చెప్పుల చప్పుడు మీద రాసింది. మూడో అంతస్తు ఆవిడ పావురాల మీద రాసింది. ఒకావిడ మెట్లు మరీ ఎత్తుగా ఉన్నాయని కట్టినవాళ్ళ మీద రాసింది. సూపరింటెండెంటుగారు వాటన్నిటికీ జవాబులు కొట్టి, నకళ్ళు తీసి, గోడకు అంటించి, టీ వేళకు ఇంట్లో ఉన్నాడు. భవనంలో ఫిర్యాదులు అయిపోయాయి కానీ ఆ యంత్రం అలిసిపోలేదు.

దాంతో టైలరమ్మ కొంగు బిగించి రిపేరు కొట్టుకు వెళ్ళింది.

మెకానిక్ బల్ల నిండా పొట్టలు విప్పిన కంప్యూటర్లున్నాయి. అతను రంగులేసే కుంచె లాంటిదానితో ఒకదానిలోంచి దుమ్ము దులుపుతున్నాడు. కళ్ళద్దాలు నుదుటి మీద ఉన్నాయి, వాటికోసం బల్లంతా వెతుకుతున్నాడు.

"నీ నుదుటి మీదే ఉన్నాయి బాబూ" అంది ఆమె. "నాకో సాయం చెయ్యాలి. మా ఆయన దగ్గర కొత్త యంత్రం ఉంది చూడూ, దాన్ని కాస్త నెమ్మదిగా నడిచేట్టు చెయ్యగలవా? పాడుచెయ్యకు. అది తెరుచుకోవడానికి ఒక పూట పట్టేట్టు చెయ్యి, చాలు."

మెకానిక్ చేతిలో కుంచె ఆగింది. బల్ల కిందికి వంగి ఏదో వెతుకుతున్నట్టు నటించాడు కానీ, అతని భుజాలు కదులుతున్నాయి.

"ఎందుకయ్యా నవ్వుతావు?"

"ఏం లేదు పిన్నిగారూ. కంప్యూటరు వేగం పెంచమని వస్తారు జనం. తగ్గించమని వచ్చినవాళ్ళు నా సర్వీసులో ఇద్దరే ఇద్దరు."

"రెండోవాళ్ళెవరు?"

మెకానిక్ నాలుక్కరుచుకున్నాడు. "ఎవరో లెండి. మీకు తెలీదు."

టైలరమ్మ తొందరపడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీ పాప గౌను నా దగ్గరుంది, గుర్తుందా? స్కూల్లో డాన్సుకి వేసుకోవాలన్నావు. ఒళ్ళంతా అయిపోయింది. చేతులు ఇంకా అతకలేదు. చేతుల్లేకుండా ఇచ్చెయ్యనా, ఉంచనా?"

"పిన్నిగారూ, ఇది అన్యాయం."

"అవును. రెండోవాళ్ళెవరు?"

"బాబాయిగారే" అన్నాడు మెకానిక్. "నిన్న పొద్దున వచ్చారు. 'ఒరే, దీన్ని పాతదానిలా చెయ్యరా, నీకు పుణ్యముంటుంది' అన్నారు. పాతదానిలా అంటే ఎలా చెయ్యనండీ? పాతది నెమ్మదిగా ఉంటే కదా!"

టైలరమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మెకానిక్ లేచి, మూల బల్ల మీద ఉన్న చిన్న నల్లడబ్బా మీట నొక్కాడు. ఆమె సంచీలోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకునేలోపు అది తెరుచుకుని ఎదురుచూస్తోంది.

"ఇదేనండీ మీది. ఇప్పుడు నా కొట్టు బిల్లులన్నీ దీని మీదే కొడుతున్నాను. చవకదే, కాదన్ను. కానీ ఉత్తరాలకీ, నోటీసులకీ, ఫోటోలు చూసుకోవడానికీ, పాట పెట్టుకోవడానికీ ఇది చాలు, ఇంకా మిగులుతుంది. మీ తమ్ముడుగారు గంటల గంటల పెళ్ళి వీడియోలు కత్తిరిస్తారు, ఆయనకి ఆ పెద్దది కావాలి, నిజమే. ఆయనకి కావాలి కదా అని ఊరందరికీ కావాలంటే ఎలా? బాబాయిగారి పని దీని మీద గంటలో అయిపోయేది."

టైలరమ్మకు ముందు వచ్చింది కోపమే. ఇన్నాళ్ళూ కారియర్ కట్టి పంపితే, అక్కడ కూర్చుని తనకు కథలు చెప్పాడన్నమాట. ఆ వెనకే అనుమానం వచ్చింది. పని లేనివాడు రోజంతా ఆ ఇరుకు గదిలో ఏం వెలగబెట్టేవాడు?

"పేకాట" అన్నాడు మెకానిక్, ఆమె అడగకముందే. "తెర మీద. ఒక్కరే. ఎక్కువగా ఓడిపోయేవారు కూడా. ఇంటికి వెళ్ళిపోవచ్చు కదా బాబాయిగారూ అని నేనే ఓసారి అడిగాను."

"ఏమన్నారు?"

మెకానిక్ కుంచెను అటూ ఇటూ తిప్పాడు. "సెక్రటరీ అయిన కొత్తల్లో ఓరోజు పని తొందరగా అయిపోయి ఇంటికి వచ్చారట. తలుపు తీయబోతుంటే లోపల్నుంచి నవ్వులు వినపడ్డాయట. అందరికంటే గట్టిగా మీ నవ్వేనట. 'మా ఆవిడ అలా నవ్వుతుందని నాకు తెలీదురా, ఇన్నేళ్ళు కాపురం చేశాను, ఒక్కసారీ వినలేదు' అన్నారు. అలాగే వెనక్కి తిరిగి వచ్చేశారట. లోపలికి వెళ్ళాల్సింది కదండీ అన్నాను. 'నేను వెళితే ఆగిపోతుంది. ఆఫీసులో సర్వీసంతా చూశాను కదా, నేను గదిలోకి అడుగు పెడితే నవ్వులు ఆపేసి ఫైళ్ళు తీసేవాళ్ళు. ఇంట్లో కూడా ఎందుకులే' అన్నారు."

టైలరమ్మకు ఏడుపు వచ్చింది, సిగ్గేసింది, మొగుడి మీద ఎన్నడూ లేనంత ఇష్టం పుట్టుకొచ్చింది. ఆ డబ్బాకు కుచ్చుల ముసుగు కుట్టి దండం పెట్టినంత పనిచేసింది కానీ, తన పగళ్ళను తనకు తిరిగి ఇచ్చింది డబ్బా కాదు. అయినా సరే, నిజం చెప్పుకోవాలి కదా, ఆ పగళ్ళు ఆమెకు ఇంకా కావాలి. మొగుడు మంచివాడని తెలిసినంత మాత్రాన దారపు రీళ్ళు వాటంతటవే సర్దుకోవు.

"గౌను రేపు వచ్చి తీసుకెళ్ళు" అని మెకానిక్‌తో చెప్పి లేచింది. "చేతులతో సహా."

మెట్ల కింద గది తలుపు ఓరగా ఉంది. రంగురంగుల దీపాలు ఆయన బట్టతల మీద తిరుగుతున్నాయి. ఆ రోజు ఇంటికి రావడానికి మొహం చెల్లలేదేమో, పని అయిపోయినా అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆమె చప్పుడు కాకుండా వెనక నిలబడింది.

"ఆ ఎర్ర ఎనిమిది మీద నల్ల ఏడు పెట్టొచ్చు" అంది.

సూపరింటెండెంటుగారు ఉలిక్కిపడి ఏదో మీట నొక్కాడు. ఆ మహాయంత్రం చెప్పిందల్లా చేసే రకం కదా, రెప్పపాటులో కొత్త ఆట పంచి పెట్టింది. ఆయన తెరకు చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

"మెకానిక్ చెప్పాడా?"

"వాణ్ణేమీ అనకండి. కూతురి గౌనుకి చేతులు కావాలి కదా పాపం."

ఆయనకు అది అర్థం కాలేదు, అడగలేదు కూడా. ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. ఇద్దరూ కాసేపు ఆ దీపాల్ని చూశారు.

"ఆ రోజు లోపలికి వస్తే ఏమయ్యేదండీ?"

"మీరంతా నవ్వడం ఆపేసేవాళ్ళు."

లేదు అని చెబుదామని ఆమె నోరు తెరిచింది. చెప్పలేకపోయింది. ఆపేసేవాళ్ళే. అందరికంటే ముందు తనే ఆపేసేది.

"అవును" అంది.

"అందుకే" అన్నాడు ఆయన. నిష్ఠూరంగా అనలేదు. ఫైలు మీద సంతకం పెట్టినంత మామూలుగా అన్నాడు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

"మరిప్పుడు ఏం చేద్దాం?"

"పాతది తెప్పిద్దాం. నేనిక్కడ, నువ్వక్కడ. బాగానే జరిగింది కదా ఇన్నాళ్ళూ?"

"బాగానే జరిగింది" అని ఒప్పుకుంది టైలరమ్మ. "కానీ చల్లారిన అన్నం తిన్నారు ఇన్నాళ్ళూ. ఇకమీదట భోజనానికి ఇంటికి రండి."

"వాళ్ళుంటారేమో."

"ఉంటారు."

"రీళ్ళు..."

"ముట్టుకున్నారంటే మాత్రం ఊరుకోను."

ఆయన ఆలోచించాడు. పాత ఆఫీసులో పెద్ద పెద్ద విషయాల మీద ఆలోచించినట్టే, పెదవి ముందుకు పెట్టి ఆలోచించాడు. చివరికి తలూపాడు.

తమ్ముడికి ఆమే ఫోను చేసింది. "ఆ దీపాలు మీ బావ కళ్ళకి పడటం లేదురా, నీది నువ్వు తీసుకుపో" అంది. ముసలివాళ్ళకు మంచి వస్తువు ఇస్తే ఇంతే అని తమ్ముడు గొణుక్కున్నాడు, తీసుకుపోయాడు, తన వీడియోల పనిలోనే పెట్టుకున్నాడు. అక్కడ దానికి చేతినిండా పని. నల్లడబ్బా మెట్ల కిందికి తిరిగి వచ్చింది. భవనంలో అందరికీ సూపరింటెండెంటుగారి మీద జాలి కలిగింది. మంచి యంత్రం చేతికొచ్చి పోయింది, పాపం మళ్ళీ ఆ నత్తతో వేగాలి అనుకున్నారు.

మూడు రోజులు గడిచాయి. ఆయన భోజనానికి రాలేదు. అదీ ఇదీ సాకు చెప్పి కారియరే అడిగి పట్టుకెళ్ళాడు. నాలుగో రోజు ఆమె కారియర్ కట్టలేదు.

ఆ మధ్యాహ్నం ముందుగది నిండుగా ఉంది. బల్ల మీద నర్సు కోటు పరిచి ఉంది. మూడో అంతస్తు ఆవిడ తన మొగుడు నిద్రలో లేచి, లిఫ్టు అనుకుని బీరువాలోకి వెళ్ళి నిలబడి, ఎంతకీ కదలడం లేదని తిట్టిన వైనం చెబుతోంది. నర్సు కళ్ళు తుడుచుకుంటోంది. టైలరమ్మ నవ్వి నవ్వి మిషను మీదికి వాలిపోయింది.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో సూపరింటెండెంటుగారు.

నవ్వులు ఠక్కున ఆగాయి. నర్సు కోటు చేతిలోకి తీసుకుంది. మూడో అంతస్తు ఆవిడ లేచి సంచీ వెతుక్కుంది. గోడ మీద గడియారం చప్పుడు వినపడింది. ఆయన ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, వెనక్కి తిరుగుదామా అన్నట్టు నిలబడ్డాడు. వచ్చినందుకు ఏదో ఒక కారణం చెప్పాలి కదా. గొంతు సవరించుకున్నాడు.

"కంప్యూటరు ఇంకా తెరుచుకోలేదు" అన్నాడు. "అది తెరుచుకునేలోపు రెండు ముద్దలు తినేసి వెళదామని..."

"అయ్యో, అంత నెమ్మదాండీ?" అంది నర్సు జాలిగా.

"చాలా నెమ్మదమ్మా" అన్నాడు ఆయన గంభీరంగా.

ఆ మాట నమ్మని మనిషి ఆ గదిలో ఒక్కతే ఉంది. టైలరమ్మ పెదవులు బిగించింది, టేపు నోటికి అడ్డం పెట్టుకుంది, కిటికీ వైపు తిరిగింది. లాభం లేకపోయింది. తన్నుకొచ్చింది నవ్వు. మిగతా ఆడవాళ్ళు తెల్లబోయి ఆమెను చూశారు, ఆయన్ను చూశారు. ఆమె మాత్రం ఆయన మొహంలోకే చూస్తూ, ఆపుకోకుండా, మిషను పట్టుకుని గట్టిగా నవ్వింది. ఆయన చెప్పులు విప్పడం మర్చిపోయి గుమ్మంలోనే నిలబడి విన్నాడు.